నీవు ఇక్కడ ఉండి ఉంటే

మిషను కుట్టేవాళ్లకు నడుం నొప్పి రాకపోతేనే వింత. ఒడిశాలోని రాయగడ స్టేషను దగ్గర మా చిన్న షాపులో పొద్దస్తమానం జాకెట్లు కుడతాను కాబట్టి, అందరూ తప్పు మిషను మీదకే నెట్టేశారు. ఒక చోట నొప్పి మాత్రలు, ఇంకో చోట కాల్షియం. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది. నా కొలతకు నేనే కుట్టుకున్న జాకెట్లు వదులైపోయాయి. కుడికాలి చెప్పు దారిలో ఊడిపోయినా తెలియని స్థితి వచ్చాక గానీ ఎం.ఆర్.ఐ. మాట ఎవరి నోటా రాలేదు.

పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో పడుకోబెట్టి విశాఖపట్నం తీసుకెళ్లారు. వెన్నెముకలో టీబీ అన్నారు. రెండు పూసలు దెబ్బతిని, చీము చేరి నరాల మీద ఒత్తుతోందట. "దగ్గే లేదు కదండీ" అంది మా అమ్మ. టీబీ ఎముకలకూ వస్తుందని, ఊపిరితిత్తుల్లో లేకపోతే పక్కవాళ్లకు అంటదని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. సూదితో చీము తీసి, ఏ మందుకు లొంగుతుందో చెప్పే సీబీనాట్ పరీక్ష చేయించారు. మామూలు టీబీ మందులకు లొంగే రకమేనని తేలింది. అయితే ఆరు నెలలతో అయ్యేది కాదు, ఏడాది పైనే పడుతుందన్నారు.

ఆ తర్వాత అంతా మంచం మీదే. 2022 వేసవి అది. ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ మాత్రలు తెచ్చి ఇచ్చేది. పోషణ కోసం ప్రభుత్వం అప్పట్లో నెలకు వేసిన 500 రూపాయలు గుడ్లకు సరిపోయేవి. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు గానీ, కన్నీళ్లకు కూడా ఆ రంగు వస్తుందని నేను తెల్ల రుమాలుతో తుడుచుకున్నప్పుడే చూశాను. బోలెడు రుమాళ్లు పాడయ్యాయి.

ఏడ్చింది నడుం గురించి కాదు.

మా తమ్ముడు 2013లో పోయాడు. మునిగుడ వైపు రోడ్డు పనికి వెళ్లి జ్వరంతో వచ్చాడు. ఫాల్సిపారం మలేరియా మెదడుకెక్కింది. వాడి కోసం మా చర్చి సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించారు. ఆదరణ కూడికలో ఎవరో "దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడు" అన్నారు. అందరూ తలలూపారు, నేనూ ఊపాను. ఇప్పుడు నా మంచం చుట్టూ కూడా అవే పాటలు, అవే ప్రార్థనలు. నా కాలి వేళ్లు కొద్దికొద్దిగా కదలడం మొదలయ్యాయి. అందరూ స్తోత్రం అంటున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. తోట నిండా పూలున్నవాడివి, మా పెరట్లో ఉన్న ఒక్కటీ నీకే కావలసి వచ్చిందా? నన్ను లేపగలిగినవాడివి వాణ్నెందుకు లేపలేదు? నడుముకు బెల్టు కట్టుకుని, పైకప్పు చూస్తూ, గట్టిగానే అడిగాను.

అమ్మ హడలిపోయింది. అంతకు ముందు వారమే ఒక ప్రసంగీకుడు వచ్చి, "విశ్వాసం ఉంటే మాత్రలెందుకమ్మా, ఏదో దాచిన పాపం ఉంది, ఒప్పుకో" అని వెళ్లాడు. అతన్ని అమ్మ టీ కూడా ఇవ్వకుండా పంపేసింది. మా ఇంట్లో అంతకు మించిన శిక్ష లేదు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులు కూడా ఇలాగే మాట్లాడారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే, నిలదీసిన యోబు మీద కాదు. అయినా కన్నకూతురే దేవుణ్ని నిలదీస్తుంటే అమ్మకు భయం వేయదా?

"అయ్యగారూ, దీన్ని కాస్త మందలించండి" అంది పాస్టరుగారితో.

ఆయన మందలించలేదు. యోహాను సువార్త పదకొండో అధ్యాయం తీసి నా చేతికిచ్చి చదవమన్నారు. లాజరు జబ్బుగా ఉన్నాడని కబురొచ్చినా యేసు ఉన్నచోటే రెండు రోజులు ఆగిపోయాడు. వచ్చేసరికి సమాధి చేసి నాలుగు రోజులైంది. మార్త ఎదురెళ్లి, నీవు ఇక్కడ ఉండి ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదంది. తర్వాత ఆమె తోబుట్టువు మరియ వచ్చి అదే మాట అంది. ఆయన ఇద్దరిలో ఒక్కరినీ కసరలేదు. ఏడ్చాడు.

"నువ్వన్నదీ ఇదే కదమ్మా" అన్నారు.

"వాళ్ల తమ్ముడు లేచి వచ్చాడు కదండీ."

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అవునమ్మా, మీవాడు రాలేదు" అన్నారు చివరికి. అంతే. పునరుత్థానం గురించి పెద్ద ప్రసంగం చేసి ఉంటే నేను గోడ వైపు తిరిగిపోయేదాన్ని. వెళ్లేటప్పుడు 88వ కీర్తన చూడమన్నారు.

ఆ కీర్తన మా కూడికల్లో ఎవరూ చదవగా వినలేదు. 13వ కీర్తన కూడా ఎన్నాళ్లని అడుగుతూనే మొదలవుతుంది గానీ, ఆరో వచనానికల్లా పాటలోకి తిరుగుతుంది. ఇది తిరగదు. రాత్రీ పగలూ మొరపెడుతున్నాను, నీ ముఖం ఎందుకు దాచుకుంటున్నావని అడిగి, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దీన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు, చివర ఒక స్తోత్రం అతికించనూ లేదు. ఆ మాట నాకెంత ధైర్యం ఇచ్చిందో! కొన్ని రాత్రులు అవతల వినేవాళ్లెవరూ లేరనిపించేది. అదీ ఆయనకే చెప్పాను. లేకపోతే లేడు, చెబితే పోయేదేముంది?

వాకరుతో నాలుగు అడుగులు, తర్వాత గోడ పట్టుకుని, తర్వాత షాపు దాకా. మందులు పూర్తయ్యాక మళ్లీ ఎం.ఆర్.ఐ. తీయించారు. చీము లేదు. నడుం కాస్త వంగింది, అది అలాగే ఉంటుందట. ఎక్కువసేపు కూర్చుంటే ఇప్పటికీ పీకుతుంది.

ఆదివారం తెలుగు ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు బాగుచేశాడన్నాను. మందులు, ఆశా దీదీ, అమ్మ చేతి గుడ్లు బాగుచేశాయనీ అన్నాను. తమ్ముణ్ని ఎందుకు బాగుచేయలేదో ఇంకా అడుగుతూనే ఉన్నానన్నాను. ముందు వరసలో కొన్ని ముఖాలు మాడాయి.

బయటికొచ్చాక, కొడుకును పోగొట్టుకున్న ఒక పిన్ని నా కొంగు పట్టుకుని ఆపింది. ఆమెకు చదువు రాదు. "ఆ కీర్తన ఇంటికొచ్చి చదివి పెట్టవే" అంది. సరేనన్నాను. ఆమె జాకెట్టు కూడా గురువారానికి ఇవ్వాలి. అప్పుడే వెళ్తాను.