బెంగ పెట్టుకోవడం

ఈరోజు పెద్దగా ఏమీ జరగలేదు. పగలంతా ఆఫీసు పని. సాయంత్రం కత్తెర కోసం సొరుగంతా వెతికాను. కత్తెర దొరకలేదు, అమ్మ కళ్ళజోడు దొరికింది.

అమ్మ పోయి రెండేళ్ళయింది. కళ్ళజోడు ఎక్కడుందో తెలియక కాదు, తెలిసే ఆ సొరుగు జోలికి వెళ్ళను. కుడివైపు కాడ ఊడిపోతుంటే అమ్మే తెల్లదారం చుట్టుకుంది. ఆ దారం ఇప్పుడు మట్టిరంగుకి తిరిగింది. ఎడమ అద్దం మీద, కిందివైపు, బొటనవేలి ముద్ర. అదీ సగమే. వెలుతురుకి పెట్టి చూస్తే సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఫొటోలు బోలెడున్నాయి, వాయిస్ మెసేజులున్నాయి. కానీ అమ్మ చెయ్యి తగిలిన గుర్తు అని కంటితో చూడగలిగేది నాకు ఇదొక్కటే.

బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మొదటి ఏడాది అడక్కుండానే వచ్చేది. ఈమధ్య అమ్మ గుర్తు రాకుండానే రోజులు గడిచిపోతున్నాయి. పడుకునే ముందు ఆ సంగతి తట్టి, ఏదో తప్పు చేసినట్టుంటుంది. దుఃఖం తగ్గితే హాయిగా ఉండాలి కదా. నాకేమో, అది కూడా వెళ్ళిపోతే అమ్మది నా దగ్గర ఇంకేం మిగులుతుందని భయం.

మన మాటల్లో ఒక సంగతి ఇవాళే గమనించాను. కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, దుఃఖం వస్తుంది. అవన్నీ ఎక్కడినుంచో వచ్చి మీద పడేవే. బెంగ మాత్రం పెట్టుకుంటాం. ఆశ పెట్టుకున్నట్టు, ఒకరి మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నట్టు. బెంగగా ఉంది అని కూడా అంటాం, నిజమే. కానీ పిల్లాడు తల్లి మీద బెంగ పెట్టుకున్నాడు అన్నప్పుడు అందులో ప్రేమెంత, శోకమెంత? విడదీయాలని చూశాను, నావల్ల కాలేదు.

భగవద్గీతలో 18 అధ్యాయాలుంటే మొదటిదాని పేరు అర్జున విషాద యోగం. కుంగిపోయినవాడి అధ్యాయాన్ని కూడా యోగమే అన్నారు. తర్వాతి అధ్యాయంలో కృష్ణుడు బోధ మొదలుపెట్టేదే, దుఃఖించకూడనివాళ్ళ కోసం దుఃఖిస్తున్నావని. ఆ మాట నేను నమ్ముతాను. అయితే ఇంకా అక్కడిదాకా రాలేదు. విల్లు వదిలేసి రథంలో చతికిలబడ్డ చోటే ఉన్నాను. అదీ యోగమేనని ఎవరో ముందే పేరు పెట్టి ఉంచినందుకు ఈ సాయంత్రం చేతులు జోడించాలనిపించింది.

ఇంతలో ఫోను మోగితే లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మావాడు కళ్ళజోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మురిగ్గా ఉందమ్మా, తుడిచేశా."

చొక్కా అంచు ఇంకా వాడి వేళ్ళ మధ్యే ఉంది. అద్దం తళతళా మెరుస్తోంది.

నోట మాట రాలేదు. కోపం వచ్చింది, చాలా వచ్చింది. వాడి మీద అరవకుండా ఉండటానికి కుర్చీని గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి చెప్పాను, అక్కడ అమ్మమ్మ వేలిముద్ర ఉండేదని. వాడి మొహం పాలిపోయింది. "నాకు తెలీదమ్మా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. దగ్గరికి తీసుకున్నాను. ఏడుపు కాస్త తగ్గాక, తనూ అప్పుడప్పుడూ ఆ సొరుగు తీసి, కళ్ళజోడు ఉందో లేదో చూసి మూసేస్తానని చెప్పాడు. ముట్టుకున్నది మాత్రం ఇవాళేనట. పదేళ్ళవాడు. రెండేళ్ళుగా నా కళ్ళముందే బెంగ పెట్టుకుని తిరుగుతుంటే, నేను నాదే చూసుకుంటూ కూర్చున్నాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

చాలాసేపటికి వాడే కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ముక్కు మీంచి జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని గదంతా చూశాడు. అంతా మసగ్గా ఉందన్నాడు. చదువుకోవడానికి వాడే అద్దాలు కదా, దూరంవి ఆనవు. ఒక్కో అడుగూ వేసుకుంటూ నా మొహం దాకా వచ్చి, ముక్కూ ముక్కూ తగలబోతుంటే ఆగాడు.

"ఆఁ, ఇప్పుడు కనిపిస్తున్నావు. కదలకు."