చెరువు నీళ్లు, వరిగడ్డి, నా డీఎస్సీ జీవశాస్త్రం

డీఎస్సీకి చదివేటప్పుడు నన్ను ఎక్కువగా ఏడిపించిన పాఠం జీవుల వర్గీకరణ. తిరుపతి కొర్లగుంటలో చిన్న రూములో ఉండి ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు మొనీరా, ప్రోటిస్టా, శిలీంధ్రాలు అని పైకి చదివేదాన్ని. 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులన్నిటినీ ఐదు పెద్ద గుంపులుగా, అంటే ఐదు రాజ్యాలుగా విడగొట్టాడు, అవన్నీ నోటికొచ్చాయి. కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తప్పే. మోడల్ టెస్టులో ఆ పాఠం నుంచి పది బిట్లు వస్తే నాలుగే రైటు. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

మా స్కూల్లో సీనియర్ మేడం ఒకరు నా నోట్సు చూసి, "పేర్లు పక్కన పెట్టమ్మా, అది ఎట్లా తింటాదో ముందు అడుగు" అన్నారు. అక్కడే ముడి విడింది. జీవులకు పేర్లు పెట్టి వర్గీకరించిన లిన్నేయస్ కాలం నుంచి పుట్టగొడుగుల్ని మొక్కల్లోనే కలిపారు. కానీ వాటిలో పత్రహరితం లేదు. కుళ్లే కట్టె మీదకి ఎంజైములు వదిలి, తిండిని బయటే అరిగించి, ఆ రసం పీల్చుకుంటాయి. మొక్క తన ఆహారం తానే తయారుచేసుకుంటుంది, జంతువు లోపలికి మింగి అరిగించుకుంటుంది, శిలీంధ్రం పీల్చుకుంటుంది. విట్టేకర్ ఆ మూడింటినీ మూడు రాజ్యాలు చేయడానికి ఈ తేడా ఒక ముఖ్యమైన కారణం. ఇన్నేళ్లు చదివినా ఇది నాకెవరూ ఇలా చెప్పలేదు.

ఇక ఏకకణ జీవులు ఎట్లా తింటాయో కళ్లతో చూడాలనిపించింది. చంద్రగిరి దగ్గర మా ఊరికి పోయి చెరువు నీళ్లు బాటిల్లో పట్టుకుంటుంటే అమ్మ, "ఆ పాచి నీళ్లు ఏం చేసుకుంటావే" అని ఒకటే అడగడం. వరిగడ్డి ఉడకబెట్టిన నీళ్లలో ఆ చెరువు నీళ్లు కలపాలి. మొదటిసారి తొందరపడి, వేడి తగ్గకముందే పోసేశాను, ఏమీ బతకలేదు. రెండోసారి బాగా చల్లార్చి, రెండు రోజులు అలాగే ఉంచి, తర్వాత కలిపాను. గడ్డి రసంలో బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని తిని పారమీసియం అనే ఏకకణ జీవి పెరుగుతుంది. వారానికి స్కూలు మైక్రోస్కోపు కింద చుక్క పెట్టి చూస్తే చెప్పు ఆకారంలో బోలెడన్ని, గిరగిరా తిరుగుతూ! రెండు దూది పోగులు వేస్తే గానీ నెమ్మదించలేదు.

మేడం ఈస్టును కాంగో రెడ్ రంగులో ఉడికించి ఒక చుక్క కలిపారు. పారమీసియం ఒంటి మీది సన్నటి వెంట్రుకల్లాంటి శైలికలు ఆ ఎర్రటి ఈస్టును నోటి గాడిలోకి తోస్తుంటే, లోపల తిండి అరిగే చిన్న సంచుల్లాంటి ఎర్రటి ఆహార రిక్తికలు ఒక్కొక్కటిగా తయారయ్యాయి. కాసేపటికి వాటిలో కొన్ని నీలంగా మారాయి, ఎందుకంటే రిక్తికలో ఆమ్లం చేరితే ఆ రంగు నీలమవుతుంది. ఒకే కణంలో జీర్ణం జరగడం నేను కళ్లారా చూశాను.

అదే చుక్కలో యూగ్లీనా అనే ఇంకో ఏకకణ జీవి కూడా దొరికింది. ఎండ ఉంటే హరితరేణువులతో ఆహారం చేసుకుంటుంది, చీకట్లో నీళ్లలో కరిగిన పదార్థాలు పీల్చుకుంటుంది. తిండిని బట్టి చూస్తే ఇది మొక్కా జంతువా అన్నది తేలదు. అందుకే ఏకకణ జీవుల దగ్గర ముందు కేంద్రకం చూడాలి. కేంద్రకం ఉంది కాబట్టి ప్రోటిస్టా. మొనీరాలో కేంద్రకం లేదు, తిండి మాత్రం అన్ని రకాలూ ఉన్నాయి: దోసెపిండి పులియబెట్టే బాక్టీరియా, ఎండతో బతికే సయనోబాక్టీరియా, అమ్మోనియా నుంచి శక్తి తీసుకునే నైట్రోసోమోనాస్.

తర్వాతి టెస్టులో పదికి తొమ్మిది వచ్చాయి. మీరూ చేసి చూస్తే సీసాకి మూత బిగించొద్దు, గాలి ఆడాలి. పల్చటి గుడ్డ కడితే చాలు.