2.56 దగ్గర ఇరుక్కుపోయాను

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం తార్నాక వైపు ఒక ల్యాబ్‌లో చేరాను. మొదటి పని చిన్నదే. పారా హైడ్రాక్సీ బెంజాల్డిహైడ్‌కి ప్రొపార్జిల్ బ్రోమైడ్ తగిలించాలి. అసిటోన్‌లో పొటాషియం కార్బొనేట్ వేసి రిఫ్లక్స్ పెట్టాను, అంటే ఆవిరి చల్లబడి తిరిగొచ్చేలా మరిగించాను. పదార్థం శుద్ధంగా ఉందో లేదో చూసే టీఎల్‌సీలో ఒకటే స్పాట్. హుషారుగా ఎన్ఎంఆర్‌కి ఇచ్చాను. అయస్కాంత క్షేత్రంలో అణువులోని ఏ హైడ్రోజన్ ఎక్కడ పీక్ ఇస్తుందో పీపీఎం అంకెల్లో చూపే పరీక్ష అది, పెద్ద అంకెలు ఎడమకు, చిన్నవి కుడికి.

స్పెక్ట్రంలో 9.90 దగ్గర ఆల్డిహైడ్, 7.85, 7.09 దగ్గర రింగు ప్రోటాన్లు, 4.78 దగ్గర సీహెచ్2 ఉన్నాయి. ప్రొపార్జిల్ తెచ్చిన ఆల్కైన్, అంటే ట్రిపుల్ బాండ్, చివరి హైడ్రోజన్ ఒక్కటే లేదు. డబుల్ బాండ్ మీది హైడ్రోజనే 5, 6 పీపీఎం దగ్గర వస్తుంది, ట్రిపుల్ బాండ్ కార్బన్ ఎలక్ట్రాన్లను ఇంకా గట్టిగా లాక్కుంటుంది, కాబట్టి ఇది ఇంకా ఎడమకు పోవాలని నా లెక్క. 2.56 దగ్గర ఒక చిన్న పీక్ ఉంది కానీ, 2.17 దగ్గర మిగిలిన అసిటోన్‌లాగే అదీ మలినమే అనుకున్నాను. మలినాలు వేరుచేయడానికి కాలమ్ వేశాను. అసిటోన్ పోయింది, ఇది పోలేదు. ఇంకోసారి వేశాను. అదే కథ.

టెన్షన్ పట్టలేక సీనియర్ అక్కకి చూపించాను.

"జూమ్ చేశావా?"

"లేదక్కా."

చేస్తే అది ట్రిప్లెట్, అంటే మూడు గీతలు. 4.78 పీకేమో డబ్లెట్, రెండు గీతలు. రెండింట్లోనూ గీతల మధ్య దూరం 2.4 హెర్ట్జ్. అంటే ఒకే అణువులో ఉండి ఒకదాన్నొకటి చీల్చుకుంటున్నాయి, దాన్నే కప్లింగ్ అంటారు.

"మలినమైతే నీ సీహెచ్2తో ఎందుకు కపుల్ అవుతుందిరా?"

తర్వాత చేతి గాజు తీసి బల్ల మీద పెట్టింది. అయస్కాంత క్షేత్రం కింది నుంచి పైకి ఉందనుకోమంది. గాజు వెంబడి తిరిగే ఎలక్ట్రాన్లు పుట్టించే చిన్న క్షేత్రం మధ్యలో దానికి ఎదురుగా ఉంటుంది, వంపు తిరిగి వచ్చి గాజు బయట దానితో కలుస్తుంది. గాజు బెంజీన్ రింగు అనుకుంటే, దాని హైడ్రోజన్లు బయట ఉన్నాయి కాబట్టి ఎక్కువ క్షేత్రం తగిలి ఎడమకు జరిగి 7 దాటాయి. 18 కార్బన్ల పెద్ద రింగైన 18-అన్యులీన్‌లో కొన్ని హైడ్రోజన్లు లోపలే ఉంటాయి, చల్లబరిచి చూస్తే అవి మైనస్ 3 దగ్గర, అంటే సున్నాగా పెట్టుకునే టీఎంఎస్‌కి కూడా కుడివైపున కనిపిస్తాయి!

అదే గాజు మధ్యలో పెన్ను నిలబెట్టింది. పెన్ను ట్రిపుల్ బాండ్, ఎలక్ట్రాన్లు దాని చుట్టూ తిరుగుతాయి, మన హైడ్రోజన్ పెన్ను కొసన ఉంది. అక్కడ ఎదురు క్షేత్రమే, అందుకే అది కుడికి జరిగి 2.56 దగ్గర కూర్చుంది.

"ద్రావణంలో అణువులు అన్ని వైపులకీ దొర్లుతాయి కదక్కా, రద్దయిపోదా?"

"ఆ ప్రభావం అన్ని దిక్కుల్లో ఒకేలా ఉంటే రద్దయ్యేది. ఉండదు కాబట్టే అనైసోట్రోపీ అన్నారు."

పరీక్షలకి ఆ మాట నిర్వచనం బట్టీ పట్టినవాణ్ణే నేను.

410 మిల్లీగ్రాముల పదార్థం రెండు కాలమ్‌లకి 260 అయింది. రిపోర్టులో దిగుబడి దగ్గర అదే వేశాను.