గుడ్లగూబల మీద చాడీలు

ఫ్రెండ్స్ అడుగుతుంటారు, నీకు మాత్రం ఇన్ని గుడ్లగూబలు ఎలా కనిపిస్తాయిరా అని. నిజానికి నా అంతట నేను కనిపెట్టింది ఒక్కటీ లేదు, ప్రతిసారీ ఎవరో ఒకరు దాని మీద చాడీ చెప్పారు, నేను తలెత్తి చూశానంతే. కెమెరా మెడలో వేసుకుని పనిగట్టుకుని వెళ్ళినప్పుడల్లా దోమలచేత కుట్టించుకుని వచ్చేయడమే.

చాడీలు చెప్పడంలో కాకుల్ని మించినవాళ్ళు లేరు. ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల దగ్గర నడుస్తున్నాం, కాకులు ఒకటే గోల, వంతులవారీగా ఒక బండ సందులోకి దూసుకెళ్తున్నాయి మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. పామేమో అన్నాడు నా పక్కనున్నవాడు. పాము కాదు, బండకీ దానికీ తేడా తెలియకుండా అడుగున్నర పైనే ఉన్న కొమ్ముల గుడ్లగూబ, నారింజరంగు కళ్ళు సగం మూసుకుని, ఈ గోలంతా పక్కింటి గొడవ అన్నట్టు కూర్చుని ఉంది. ఆ కొమ్ములు కొమ్ములూ కాదు చెవులూ కాదు, ఉత్త ఈకలు. కాకులకి దానిమీద అంత కోపం ఎందుకంటే రాత్రి నిద్రపోతున్న కాకుల్ని అది ఎత్తుకుపోతుంది మరి, పగలు వీటి వంతు. చివరికి విసుగొచ్చి లేచింది, మా తలల మీదుగానే వెళ్ళింది, అంత పెద్ద పక్షి ఎగిరితే కాస్తయినా చప్పుడు రావాలి కదా, ఏమీ లేదు. రెక్కల ముందు అంచున ఈకలు సన్నటి పళ్ళలా చీలి ఉంటాయి, అవి గాలిని ముక్కలు చేసేస్తాయి, అందుకని చప్పుడు ఉండదు, ఇది చదివి తెలుసుకున్నదే అయినా చెవులతో ఆ లేని చప్పుడు వినడం వేరే సంగతి. ఇవి గూళ్ళూ గీళ్ళూ కట్టవు, బండ అరుగు మీదో గట్టు వారనో ఉత్త నేల మీదే గుడ్లు పెట్టేస్తాయి. గుట్టల్ని పగలగొట్టి టవర్లు లేపుతుంటే ముందు పోయేది ఆ అరుగులే, ఈ విషయం మొదలెడితే ఆపలేను కాబట్టి వదిలేస్తున్నా.

మా అపార్ట్‌మెంట్ వెనక వేపచెట్టు తొర్రలో పైడికంటి అనే చిన్నరకం గుడ్లగూబల జంట ఉన్న సంగతి ఉడతలు చెప్పాయి. జానెడు పిట్ట, తెల్ల కనుబొమలు, పసుపు కళ్ళు, మనం చూస్తుంటే తల పైకీ కిందకీ ఊపుతుంది. వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది కానీ గుడ్లగూబలకి కనుగుడ్లు గుంటల్లో కదలవు, అందుకే తలే కదిపి దూరం అంచనా వేసుకుంటాయి, మెడ 270 డిగ్రీల దాకా తిప్పగలిగేదీ అందుకే. సాయంత్రం లైట్లు వెలగ్గానే ఇద్దరూ చిరచిరలాడుతూ బయటికొచ్చి వీధిదీపం కింద పురుగులు పట్టుకుంటారు. మా వాచ్‌మెన్ అయితే వాటి గోల మొదలైతేనే మోటార్ వేస్తాడు.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం కోనసీమలో చూసిన తెల్ల గుడ్లగూబ. చుట్టాలింటికి వెళ్తూ దారిలో తెలిసినాయన రైస్ మిల్లులో ఆగాం, ధాన్యం గోడౌన్‌లో దూలం కింద నేలంతా తెల్లటి మరకలు, బొటనవేలంత నల్లటి ఉండలు. ఒక ఉండ పుల్లతో విప్పి చూశా, లోపల ఎలుక బొచ్చు, చిన్న పుర్రె, దవడ ఎముక పళ్ళతో సహా. ఎలుకని అమాంతం మింగేసి అరగనిదంతా ఇలా ఉండ చుట్టి కక్కేస్తాయి. పైకి చూస్తే హృదయాకారం మొహం, నల్లటి కళ్ళు, మమ్మల్ని చూసి బుస్సుమంది, ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు. నేను రెండడుగులు వెనక్కేశాను, బస్తాలు మోసే పెద్దాయన నవ్వి "ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ మాకు బోన్లతో పనిలేదండి బాబూ" అన్నాడు. ఈ గుడ్లగూబ చెవుల్లో ఒకటి పైకి ఒకటి కిందకి ఉంటుంది, ఆ తేడాతోనే చిమ్మచీకట్లో కూడా ఎలుక ఎక్కడ కదిలిందో పట్టేస్తుంది. పొలాల్లో పక్షులు వాలడానికి కర్రలు పాతమని చెప్పేది కూడా ఇలాంటివాళ్ళు వచ్చి కూర్చుంటారనే. ఇదే పక్షి ఇంటిమీద వాలితే మాత్రం అదే ఊళ్ళో ఇల్లు పాడుపెట్టేవాళ్ళు ఉన్నారు, మిల్లు మీద వాలితే అదృష్టం! 2017లో వైజాగ్‌లో కట్టుబడిలో ఉన్న బిల్డింగ్‌లో దీని పిల్లలు మూడు కనిపిస్తే ఆ వీడియో ఏలియన్స్ అని ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా. నూగు తప్ప ఈకలు రాని పిల్లలు పాపం, బెదిరిపోయి నిటారుగా నిలబడ్డాయి.

చాడీ చెప్పేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో అడవి పైడికంటి కథ చూస్తే తెలుస్తుంది. 1884 తర్వాత దాని జాడే లేదు. మధ్యలో మైనర్ట్‌జాగన్ అనే ఆంగ్లేయుడు 1914లో గుజరాత్‌లో పట్టానని ఒక నమూనా చూపించాడు, అందరూ అక్కడ వెతికి వెతికి అలిసిపోయారు. తీరా చూస్తే అది మ్యూజియంలో కొట్టేసిన పాత నమూనా, చీటీ మార్చి పెట్టాడంతే. పమేలా రాస్ముసెన్ అనే పక్షి శాస్త్రవేత్త ఆ దొంగతనం బయటపెట్టి, పాత నమూనాలు నిజంగా దొరికిన చోట్లకి వెళ్ళి వెతికింది, 1997 నవంబరులో మహారాష్ట్రలో షహాదా దగ్గర పట్టపగలు ఆకుల్లేని చెట్టు మీద ఆ పిట్ట దర్జాగా కూర్చుని కనిపించింది. 113 ఏళ్ళు! అది దాక్కున్నదీ లేదు, ఇది పగలు తిరిగే రకం, మనవాళ్ళే తప్పుడు అడ్రసులో వెతుకుతూ కూర్చున్నారు.

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో ఫ్లోర్ ఆంటీ ఫొటో పెట్టారు, పార్కింగ్‌లో పైడికంటి పిల్ల పడిందట, ఇంటికి శాంతి చేయించాలా అని. ఎవరో పాలు పట్టమన్నారు, ఇంకెవరో పెంచుకుంటాం ఇమ్మన్నారు. పాలు వద్దు ఆంటీ, పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పిల్లులు రాకుండా చూసి ఆ వేప కొమ్మమీదే పెట్టించండి, తల్లీతండ్రీ వచ్చి మేపుకుంటాయి అని రాశా. వాచ్‌మెన్ నిచ్చెన వేసి పెట్టాడు, తల్లి వచ్చి వాడి నెత్తిమీద ఒక్కటి తన్నింది కూడా. ఇప్పుడు ఆంటీ రోజూ సాయంత్రం ఆరున్నరకి గ్రూపులో అప్‌డేట్ పెడుతున్నారు, నిన్నటిది "బొద్దింకను తెచ్చారు, పెద్దదే".