సోఫియాలో బాబా తోరం

మార్చి ఒకటో తారీకు పొద్దున, బల్గేరియా రాజధాని సోఫియాలో రోడ్డు పక్కన బల్ల వేసుకుని కూర్చున్న ఒక ముసలావిడ మా అమ్మ చేయి అందుకుంది. ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనిన తోరం ఒకటి మణికట్టుకి కట్టి, "చెస్తితా బాబా మార్తా!" అంది. అమ్మకి అందులో ఒక్క ముక్కే అర్థమైంది.

"బాబా అంటోందే! వీళ్ళకీ మన బాబా తెలుసా?"

అమ్మ షిరిడీ భక్తురాలు. ప్రతి గురువారం గుడికి వెళ్ళే మనిషి. బల్గేరియా భాషలో బాబా అంటే ముసలమ్మ అనీ, నాయనమ్మనీ అమ్మమ్మనీ కూడా అలాగే పిలుస్తారనీ చెబితే కాసేపు నమ్మలేదు.

బాబా మార్తా అంటే మార్చి ముసలమ్మ. ఆవిడకి కోపం వస్తే మంచు, నవ్వితే ఎండ. ఆవిడ్ని మంచి చేసుకోవడానికే ఒకటో తారీకున ఊరంతా ఈ దారాలు కట్టుకుంటుంది. వీటి పేరు మార్తెనిత్సా. కొంగనో, వాన కోయిలనో, పూత పూసిన చెట్టునో చూసేదాకా విప్పకూడదు. చూశాక తీసి ఆ చెట్టు కొమ్మకే కట్టాలి. ఎవరిది వాళ్ళు కొనుక్కుని కట్టుకోరు, ఒకరికొకరు ఇచ్చుకుంటారు. "వరలక్ష్మీ వ్రతం తోరమే ఇది, పసుపు ఒక్కటే తక్కువ" అని అమ్మ తేల్చేసింది. ఈ ఆచారం బల్గేరియాలోనే కాదు, రొమేనియా, మోల్దోవా, ఉత్తర మాసిడోనియాల్లో కూడా ఉంది. నాలుగు దేశాలకీ కలిపి 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

అసలు సోఫియా మా ప్లాన్‌లోనే లేదు. 2025 జనవరిలో అమ్మ ఖమ్మం నుంచి మ్యూనిక్‌లో నా దగ్గరికి వచ్చింది. నెలన్నర తిరిగేసరికి హీటర్ పక్కన కూర్చుని కిటికీలోంచి పక్కింటి గోడ చూడటం విసుగొచ్చేసింది. "ఎక్కడికైనా తీసుకుపోవే, ఎండ ఉన్న చోటికి" అంది. ఎండ ఉన్న చోట్లకి టికెట్లు మండిపోతున్నాయి. సోఫియాకి మాత్రం అందుబాటులో ఉన్నాయి. పైగా ఆ జనవరి ఒకటి నుంచే బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల జట్టులోకి, వచ్చింది. అమ్మ వీసాతో ఇంకే కాగితం లేకుండా రెండు గంటలలోపే దిగిపోయాం. పాస్‌పోర్టు క్యూ లేదు. వెళ్ళి చూస్తే ఎండా లేదు. ఊరు సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తులో ఉంది, నెత్తి మీద వితోషా కొండ తెల్లగా మంచు కప్పుకుని ఉంది. అమ్మ చీర కింద థర్మల్ ప్యాంటు, కాళ్ళకి నా పాత స్పోర్ట్స్ షూ, తలకి మంకీ క్యాప్. ఈ వేషంలో మూడు రోజులు తిరిగింది.

విమానాశ్రయం నుంచి మెట్రోలోనే ఊరి మధ్యకి వచ్చేయొచ్చు. గేటు దగ్గర బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు, ఒక లెవా అరవై అయింది. అప్పటికింకా వాళ్ళ సొంత డబ్బు లెవాలే, యూరోకి రెండు లెవాలకి కాస్త తక్కువ. 2026 జనవరి నుంచి అక్కడా యూరోనే. సెర్దికా స్టేషన్‌లో దిగి బయటికి వస్తుంటే కాళ్ళ పక్కనే రోమన్ల కాలం నాటి వీధులు, గోడలు. మెట్రో కోసం తవ్వుతుంటే బయటపడ్డాయట. స్టేషన్ పేరు కూడా రోమన్ల నాటి ఊరి పేరే. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఈ ఊరిని నా రోమ్ అనేవాడని చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే, ఆఫీసు భవనాల మధ్య పెరట్లో దాక్కున్నట్టు నాలుగో శతాబ్దపు ఎర్ర ఇటుకల గుండ్రటి గుడి. సెయింట్ జార్జ్ రొటుండా అంటారు. అమ్మ బూట్లు విప్పబోతే ఆపాల్సి వచ్చింది.

ఇక తల ఊపుడు సంగతి. బల్గేరియాలో అవునంటే తల అడ్డంగా ఆడిస్తారు, కాదంటే గడ్డం పైకెత్తి ఒక్కసారి ఊపుతారు. ఇది ముందే చదివాను. చదవడం వేరు, ఆకలి మీద ఉన్నప్పుడు గుర్తుండటం వేరు. పైగా ఆ రోజు శనివారం. శనివారం అమ్మ నాన్‌వెజ్ ముట్టదు. బనిత్సా కొట్టు ముందు నిలబడ్డాం. బనిత్సా అంటే పలచటి పిండి పొరల మధ్య జున్నులాంటి చీజ్ పెట్టి, చుట్టలు చుట్టి కాల్చేది. పొద్దున టిఫిన్ కింద ఊరంతా అదే తింటుంది. ఫోన్‌లో చూసి నేర్చుకున్న మాటతో అడిగాను, "మేసో?" అంటే మాంసం ఉందా అని. కొట్టావిడ గడ్డం పైకెత్తి నాలుకతో "త్స్" అంది.

"ఉందంటోంది కదే, వద్దు" అని అమ్మ ఒకడుగు వెనక్కి వేసింది.

సరే, చీజ్ ఉందా అని అడిగాను. "సిరెనె?" ఆవిడ తల అటూ ఇటూ ఆడించింది.

"అదేమో లేదంటోంది. మరి ఏముందే అందులో?"

వెనక నిలబడ్డ కాలేజీ కుర్రాడు నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. ఇంకో చిక్కు కూడా చెప్పాడు. విదేశీయుల్ని చూసి కొందరు మర్యాదకి తల తిప్పడం మార్చేస్తారట, అప్పుడు ఇంకా గందరగోళం. నోటి మాటే నమ్ముకోవాలి. "దా" అంటే అవును, "నె" అంటే కాదు. మన "నే" కాదు, పొట్టిగా పలకాలి.

నేను ఆ మూడు రోజులూ తడబడుతూనే ఉన్నాను గానీ అమ్మకి ఆ ఊరు చటుక్కున అలవాటైపోయింది. మనం "సరే సరే" అన్నట్టు తలను పక్కలకి ఆడిస్తాం చూడండి, జర్మనీలో దాన్ని చూసి అవునా కాదా అని అయోమయంగా మొహం పెడతారు. ఇక్కడ అది నిఖార్సైన అవును. కొట్టావిడ "బోజా?" అని సీసా చూపించింది. అమ్మ అలవాటుగా తలాడించింది. సీసా చేతిలోకి వచ్చింది. మళ్ళీ ఏదో అడిగింది, మళ్ళీ తలాడించింది. ఇంకో సీసా.

బోజా ధాన్యాన్ని పులియబెట్టి చేసే చిక్కటి పానీయం, గోధుమ రంగులో ఉంటుంది. అమ్మ ఒక గుక్క తాగి, "జొన్న అంబలిలో బెల్లం వేసి రెండ్రోజులు మర్చిపోయినట్టుంది" అంది. అయినా సీసా ఖాళీ చేసింది. నా వల్ల కాలేదు. బనిత్సాలో చీజ్‌తో పాటు కోడిగుడ్లు కూడా కొట్టి పోస్తారని ఆ రాత్రి హోటల్లో చదివాను. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

సోఫియాలో అమ్మకి అన్నిటికన్నా నచ్చింది వేడినీళ్ళ కుళాయిలు. ఊరి నడిబొడ్డున పాత స్నానశాల భవనం ఉంది, పసుపు, ఎరుపు చారల గోడలతో. 1986 దాకా జనం అక్కడ స్నానాలు చేసేవారు, ఇప్పుడది నగర చరిత్ర మ్యూజియం. దాని పక్కనే వరసగా కుళాయిలు. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు రాత్రీ పగలూ అలా పడుతూనే ఉంటాయి. ముసలాళ్ళు చక్రాల సంచుల్లో పెద్ద పెద్ద సీసాలు తెచ్చి పట్టుకుపోతున్నారు. చలిలో ఆ నీళ్ళ మీంచి పొగలు. అమ్మ దోసిలి పట్టి మొహం కడుక్కుంది, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుంది, నా మీదా చల్లింది. "భద్రాచలం దగ్గర గుండాలలో గోదారి ఇసక తవ్వితే వచ్చేవి ఇట్టాంటి నీళ్ళే" అని అక్కడున్న ఒక పెద్దాయనకి తెలుగులో వివరించింది. ఆయన తల అడ్డంగా ఆడించాడు. ఇద్దరికీ ఏం అర్థమైందో నాకు తెలీదు గానీ, ఆయన తన ఖాళీ సీసా ఒకటి మాకిచ్చి వెళ్ళాడు.

ఆ కుళాయిల ఎదురుగానే బన్యా బాషీ మసీదు. కొంచెం దూరంలో యూదుల ప్రార్థనా మందిరం, కాథలిక్ చర్చి, స్వెతా నెదెల్యా ఆర్థడాక్స్ చర్చి. అన్నీ ఒకదాని నుంచి ఇంకోటి నడిచి వెళ్ళేంత దగ్గర. ఈ మతసామరస్యం గురించి టూరిస్టు పుస్తకాలు గొప్పగా రాస్తాయి, నిజం లేకపోలేదు. 1943 మార్చిలో నాజీలతో ఒప్పందం ప్రకారం బల్గేరియా ప్రభుత్వం తన యూదుల్ని రైళ్ళెక్కించబోతే ఎంపీలు, చర్చి పెద్దలు అడ్డం పడ్డారు, దాదాపు 48 వేల మంది బతికారు. కానీ బల్గేరియా సైన్యం ఆక్రమణలో ఉన్న థ్రేస్, మాసిడోనియా ప్రాంతాల నుంచి 11 వేల మందికి పైగా యూదుల్ని అదే నెలలో నాజీల మరణ శిబిరానికి పంపేశారు. వాళ్ళలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పడం నాకు నచ్చదు.

స్త్రీల బజారు అని ఒక మార్కెట్ ఉంది, జెన్‌స్కీ పజార్. అక్కడ అమ్మని నేను ఒక గంట పోగొట్టుకున్నాను. ఎండుమిరపకాయల దండలు, తేనె, ఆకుకూరల గుట్టలు. దొరికేసరికి ఒక మసాలా పొడి వాసన చూస్తూ నిలబడి ఉంది. "మెంతులు పడ్డాయే ఇందులో!" నిజమే. షరేనా సోల్ అంటారు దాన్ని, ఉప్పు, ఎర్రమిరప పొడి, ఎండబెట్టిన ఆకులు, మెంతి కలిపి దంచుతారు. రొట్టె మీద చల్లుకుని తింటారు. కారం మాత్రం పేరుకే. మూడు పొట్లాలు కొంది.

తిరిగి వస్తూ క్లెక్ షాపు చూశాం. కమ్యూనిజం పోయిన కొత్తలో జనం తమ ఇళ్ళ నేలమాళిగల్లోనే కొట్లు తెరిచారు. కిటికీ సరిగ్గా ఫుట్‌పాత్ ఎత్తున ఉంటుంది, నీళ్ళ సీసా కావాలన్నా గొంతుక్కూర్చుని అడగాలి. క్లెక్ అంటే గొంతుక్కూర్చోవడమే. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా నాతో మొత్తుకుంటున్న అమ్మ, చీర కుచ్చిళ్ళు సర్దుకుని చటుక్కున కూర్చుని లోపలికి తొంగి చూసింది.

కింద పడింది నేను. ఊరి మధ్యలో వీధులకి పసుపు రంగు ఇటుకలు పరిచారు, 1900ల మొదట్లో ఆస్ట్రియా-హంగరీ నుంచి తెప్పించినవి. ఫొటోల్లో బంగారంలా ఉంటాయి. రాత్రి జల్లు పడితే సబ్బు రాసినట్టే. అలెగ్జాండర్ నెవ్‌స్కీ చర్చి బంగారు గుమ్మటాలు చూస్తూ నడుస్తుంటే కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. అరచేయి గీరుకుపోయింది, ఫోన్ స్క్రీన్ పగిలింది. మార్చిలో వెళ్ళేవాళ్ళు అడుగు గరుకుగా ఉన్న బూట్లు వేసుకోండి.

ఆదివారం బొయానా చర్చి చూడటానికి వెళ్ళాం. హ్లాదిల్నికా దగ్గర 64 నంబరు బస్సు ఎక్కాలి. ఒకటి కళ్ళ ముందే వెళ్ళిపోయింది. వితోషా కొండ అడుగున చెట్ల మధ్య చిన్న చర్చి, బయటి నుంచి చూస్తే ఇంతకోసమా వచ్చాం అనిపిస్తుంది. కొద్దిమందినే లోపలికి వదులుతారు, పది నిమిషాలే, ఫొటోలు కుదరవు. లోపల గోడల నిండా 1259లో వేసిన బొమ్మలు. చర్చిని పెంచి కట్టించిన ప్రభువు కలోయాన్ ఆ చర్చి నమూనానే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, పక్కన ఆయన భార్య దెసిస్లావా. సన్నటి మొహం, కిరీటం, నిజంగా ఎదురుగా నిలబడి ఏదో చెప్పబోతున్నట్టున్న కళ్ళు. దేవతల బొమ్మలు కాదు, మనుషులవి. ఎవరినో చూసి వేసినవని ఇట్టే తెలుస్తుంది. అమ్మ దేవుళ్ళ వైపు చూడనే లేదు, పది నిమిషాలూ దెసిస్లావా ముందే నిలబడింది. "పెద్దమ్మ పెళ్ళి ఫొటోలో ఇట్టాగే ఉంటది" అంది బయటికొచ్చాక. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊరివాళ్ళు ఈ పాత చర్చిని పడగొట్టి పెద్దది కట్టుకుందామనుకున్నారట. ఎలియొనోరా రాణి అడ్డుపడి, కొత్తది ఇంకో చోట కట్టుకునేలా ఒప్పించింది. ఆవిడ సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

మార్చి మూడు వాళ్ళ విమోచన దినం. దాదాపు ఐదు వందల ఏళ్ళ ఒట్టోమన్ పాలన 1878లో ఆ రోజు కుదిరిన ఒప్పందంతో ముగిసింది. పొద్దున అజ్ఞాత సైనికుడి స్మారకం దగ్గర జెండా ఎగరేశారు. పిల్లలు తండ్రుల భుజాల మీద కూర్చుని చిన్న జెండాలు ఊపుతున్నారు, అందరి చేతులకీ ఎర్రా తెల్లా దారాలు. అమ్మ కూడా తన చేయెత్తి చూపించింది. సాయంత్రం పార్లమెంటు ముందు బాణసంచా ఉంటుంది గానీ మాకు విమానం టైమైపోయింది.

బయల్దేరే ముందు అమ్మ పట్టుదలగా పూసిన చెట్టు కోసం వెతికింది. నేషనల్ థియేటర్ ముందు తోటలో ముసలాయనలు చదరంగం ఆడుతున్నారు, వాళ్ళ నెత్తిన కొమ్మలన్నీ మోడులే. బాబా మార్తా ఇంకా నవ్వలేదు. తోరం చేతికే ఉంది. సంచిలో చిన్న డబ్బాలో నాలుగు చెంచాల పెరుగు కూడా ఉంది, తోడుకి. పాలని పెరుగు చేసే సూక్ష్మజీవిని 1905లో కనిపెట్టింది స్తామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియావాడే, దాని పేరులోనే బల్గేరియా ఉంటుంది. అమ్మకి ఆ కథతో పనిలేదు. గిన్నె వంచి చూసింది, పెరుగు కదల్లేదు, అది చాలు.

ఉగాదికి వారం ముందు అమ్మ ఖమ్మం వెళ్ళిపోయింది. మర్నాడు వీడియో కాల్‌లో పెరట్లో వేపచెట్టు చూపించింది. చెట్టంతా పూత, కింద నేలంతా తెల్లగా రాలి ఉంది. చేతికందే కొమ్మకి ఎర్రదారం, తెల్లదారం. గోడ అవతలి నుంచి పక్కింటావిడ తొంగి చూసింది.

"అదేం తోరం వదినా?"

"బాబాది" అంది అమ్మ.

"షిరిడీ ఎప్పుడెళ్ళొచ్చావు, నాకు చెప్పనే లేదు!"

అమ్మ తల అటూ ఇటూ ఆడించింది.