డెలె బి1 (స్పానిష్ భాషా పరీక్ష) ప్రిపరేషన్: ఫ్యూచర్ టెన్స్‌లో క్రియ తోక కోయకండి

స్పానిష్ ఫ్యూచర్ టెన్స్‌లో తప్పులు కొత్త రూపాలు గుర్తులేక రావు, పాత అలవాటు వల్ల వస్తాయి. వర్తమానంలో ‘అబ్లార్’ (మాట్లాడటం) చివరి ‘ఆర్’ తీసేసి ‘అబ్లో’ అంటాం. చెయ్యి ఆ అలవాటుతోనే ఇక్కడా తోక కోసేస్తే ‘అబ్లే’ వస్తుంది. దానర్థం ‘మాట్లాడాను’. రేపటి సంగతి రాయబోయి నిన్నటిది రాసినట్టే.

ఇన్ఫినిటివ్‌ను (‘అబ్లార్’ లాంటి మూల రూపాన్ని) ముట్టుకోకుండా దాని చివర ఏ, ఆస్, ఆ, ఏమోస్, ఏయిస్, ఆన్ తగిలించండి: అబ్లరే, అబ్లరాస్, అబ్లరా, అబ్లరేమోస్, అబ్లరేయిస్, అబ్లరాన్. కొమేర్ (తినడం), బిబీర్ (జీవించడం)లకూ ఇవే: కొమెరే, బిబిరే. ఆర్, ఏర్, ఈర్‌తో ముగిసే మూడు గుంపులకూ ఒకటే వరుస. ఒకప్పుడు ఇన్ఫినిటివ్ పక్కన ‘అబేర్’ అనే సహాయక క్రియ వర్తమాన రూపాలు చేర్చి ఈ అర్థం చెప్పేవాళ్లు, అవే అతుక్కుపోయి ఈ తోకలయ్యాయి. ఇన్ఫినిటివ్‌ను ఎందుకు కోయకూడదో ఇక మర్చిపోరు.

దీర్ఘం రాసినచోట నొక్కి పలకాలి. ఆరింటిలో ‘ఏమోస్’ తప్ప మిగతా ఐదింటికీ ఆ అచ్చు మీద ఏటవాలు గీత తప్పనిసరి. అది లేకపోతే ‘అబ్లరా’ కాస్తా ‘అబ్లార’ అయి సబ్‌జంక్టివ్‌లోకి (కోరిక, ఊహ చెప్పే రూపంలోకి) వెళ్లిపోతుంది.

వర్తమానంలో అచ్చు మారే క్రియలు ఇక్కడ బుద్ధిగా ఉంటాయి. దోర్మీర్ (నిద్రపోవడం) వర్తమానంలో ‘దుయెర్మో’ అయినా ఫ్యూచర్‌లో ‘దోర్మిరే’ మాత్రమే. సెర్ (ఉండటం), ఇర్ (వెళ్లడం) కూడా రెగ్యులరే: సెరే, ఇరే. లెబంతార్సె (లేవడం) లాంటివాటిలో ‘సె’ను ముందుకు తెచ్చి మార్చండి: మె లెబంతరే. తెండ్రే (నాకుంటుంది), అరే (చేస్తాను), దిరే (చెప్తాను) లాంటి ఇర్రెగ్యులర్ రూపాల్లోనూ మారేది మొదలే, తోకలు కావు.

తెలుగువాళ్లం ఎక్కువగా పడేది ఇంకోచోట. ‘రోజూ చదువుతాను’, ‘రేపు చదువుతాను’ రెంటికీ మనకు ఒకటే క్రియ. స్పానిష్‌లో మొదటిది ‘లేయో’, రెండోది ‘లెయెరే’. కాబట్టి తెలుగు వాక్యం నుంచి అనువదించేటప్పుడు క్రియను కాదు, ‘రోజూ’, ‘రేపు’ లాంటి మాటను చూడండి. అలాగే ‘టైముంటే వస్తాను’లో ‘సి’ (అయితే) పక్కన ఫ్యూచర్ పెట్టకూడదు: ‘సి తెంగో తియెంపో, ఇరే’. ‘సి తెండ్రే’ తప్పు.

ఒకచోట మాత్రం తెలుగే మనకు చెయ్యందిస్తుంది. ‘ఈపాటికి ఇంట్లో ఉంటాడు’ అని మనం ఊహించి అంటామే, అచ్చం ఆ అర్థంలో వాళ్లూ ‘ఎస్తరా ఎన్ కాసా’ అంటారు. లిజనింగ్‌లో ఇది వినగానే ‘రేపు ఉంటాడు’ అనే ఆప్షన్ టిక్ చేయకండి.

రైటింగ్‌కు ఇచ్చే 60 నిమిషాల్లో చివరి 5 నిమిషాలు దాచుకోండి. రాసిన ఫ్యూచర్ క్రియలు వరసగా వెతికి, ప్రతిదాంట్లో రెండే చూడండి: తోకకు ముందు ‘ర్’ ఉందా, (‘ఏమోస్’ తప్ప) అచ్చు మీద గీత ఉందా.