లౌడ్‌నెస్ కొలిచే ముందు ఒక్కసారి టోన్ పెట్టి చూడండి

దసరా దగ్గర పడుతోందంటే బెజవాడలో అమ్మవారి పాటల పని ఊపందుకుంటుంది. కీబోర్డ్ ప్రోగ్రామింగ్ గుంటూరులో ఎఫ్ఎల్ స్టూడియోలో, గొంతు ఇంకొకరి దగ్గర క్యూబేస్‌లో, మిక్స్ పటమటలో నా దగ్గర రీపర్‌లో. ఇవి మూడూ పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లే. పాట ఇన్ని చేతులు మారాక వచ్చే ఫోన్ దాదాపు ఒకేలా ఉంటుంది. "అన్నా, నా దగ్గర లౌడ్‌నెస్ మైనస్ 9 చూపిస్తోంది, నువ్వు పంపిన దాంట్లో మైనస్ 12 ఉంది, ఏం తగ్గించావు?" ఏమీ తగ్గించలేదు తమ్ముడూ అంటే నమ్మకం కుదరదు. "మీ సాఫ్ట్‌వేర్‌లోనే సౌండ్ తక్కువ వస్తుందంట కదా" అని కూడా అంటారు.

ఆ మాట మాత్రం నిజం కాదు. ఒకే స్టీరియో వేవ్ ఫైల్‌ని ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే మీట) సున్నా దగ్గర ఉంచి, ఏ ప్లగిన్ లేకుండా, శాంపిల్ రేట్ మార్చకుండా రెండు సాఫ్ట్‌వేర్లలో ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకదాని ఫేజ్ తిప్పి (అంటే అలని తలకిందులు చేసి) రెండూ కలిపి ప్లే చేస్తే ఏమీ వినపడదు. అంటే రెండూ ఒకటే. తేడా ఎక్కడన్నా వస్తే అది సెట్టింగుల్లోనో, కొలిచే పద్ధతిలోనో ఉంటుంది.

ముందుగా, చూసే అంకె ఏ లెక్కదో తేల్చుకోవాలి. ఒకరు ఆర్ఎంఎస్ (సిగ్నల్ సగటు బలం) చూసి చెబుతారు, ఇంకొకరు లఫ్స్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే యూనిట్) చూసి చెబుతారు. ఆర్ఎంఎస్‌లోనే మళ్లీ రెండు రకాలు, ఏఈఎస్-17 పద్ధతిలో చూపించే మీటర్ మామూలు ఆర్ఎంఎస్ కంటే 3 డీబీ (డెసిబెల్స్) ఎక్కువ చూపిస్తుంది. లఫ్స్‌కి ఆ గొడవ లేదు, దాని లెక్క ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ) 2006లో బీఎస్ 1770 పేరుతో స్టాండర్డ్‌గా పెట్టింది. చెవికి పదునుగా తగిలే పై ఫ్రీక్వెన్సీలకి కాస్త ఎక్కువ విలువ ఇస్తుంది, బాగా కింది బాస్‌ని తగ్గిస్తుంది, 400 మిల్లీసెకన్ల ముక్కలుగా కొలుస్తుంది. పాటంతా కలిపి చెప్పే అంకె ఇంటిగ్రేటెడ్. అందులో మైనస్ 70 కంటే కింద ఉన్న నిశ్శబ్దాన్ని, ఆ తర్వాత మిగిలిన సగటు కంటే 10 యూనిట్లు కింద ఉన్న చోట్లని లెక్కలోంచి తీసేస్తారు. అంత కిందికి పోని చోట్లు మాత్రం లెక్కలోనే ఉంటాయి. అందుకే నెమ్మదిగా మొదలయ్యే ఆలాపన ఉన్న పాటలో, పల్లవి నుంచి మీటర్ పెడితే ఒక అంకె, మొదటి నుంచి పెడితే ఒక అంకె రావచ్చు. రీసెట్ కొట్టి, పాట మొదటి నుంచి చివరి దాకా వదిలేసి చూడాల్సిందే.

ఇక టోన్ విషయం. మీ సాఫ్ట్‌వేర్‌లో 1000 హెర్ట్జ్ సైన్ టోన్ తీసుకుని, స్టీరియోలో రెండు వైపులా పీక్ (శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 23 దగ్గర పెట్టి ఇరవై సెకన్లు ప్లే చేయండి. లఫ్స్ మీటర్ సరిగ్గా ఉంటే ఇంటిగ్రేటెడ్ మైనస్ 23 చూపిస్తుంది. యూరప్ బ్రాడ్‌కాస్ట్ వాళ్లు, అంటే ఈబీయూ, మీటర్లని పరీక్షించేది ఇలాంటి టోన్‌తోనే. అదే టోన్ ఒక్క వైపే ఉంటే మైనస్ 26 చూపిస్తుంది, అది మీటర్ తప్పు కాదు, ఒక ఛానెల్ శబ్దమే దానికి అందింది కాబట్టి. మోనో ఫైల్‌ని కొన్ని టూల్స్ ఒక ఛానెల్‌గా లెక్కేస్తాయి, కొన్నిటిలో దాన్ని రెండు వైపులా ఉన్నట్టు లెక్కేయమని ఆప్షన్ ఉంటుంది. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజ్ దగ్గర అది కనపడుతుంది.

మోనో దగ్గరే అసలు తలనొప్పి. మోనో గొంతుని మధ్యలో పెట్టినప్పుడు ఎంత తగ్గించాలనేది పాన్ లా అనే సెట్టింగ్ చూసుకుంటుంది. సెట్టింగ్ ముట్టుకోకపోతే రీపర్‌లో అది 0, క్యూబేస్‌లో మైనస్ 3. అంటే అదే గొంతు ఫైల్, అదే ఫేడర్, ఒక చోట 3 డీబీ ఎక్కువగా నిలబడుతుంది. స్టీరియో తబలా, స్ట్రింగ్స్ ఎక్కడివక్కడే ఉంటాయి, గొంతు ఒక్కటే వెనక్కి వెళుతుంది లేదా మీదకి వస్తుంది. మొత్తం లఫ్స్ తేడా చిన్నదే, బ్యాలెన్స్ మాత్రం మారిపోయి, పాడినావిడ "నా గొంతు నొక్కేశారండీ" అని బాధపడుతుంది. ఆవిడ చెప్పింది నిజమే కదా. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాన్ లా చూడటానికి నిమిషం కూడా పట్టదు, దయచేసి చూడండి.

మీటర్ ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. రీపర్ మాస్టర్‌లో (అన్ని ట్రాకులూ కలిసే చివరి చోట) ప్లగిన్లు ఫేడర్‌కి ముందు ఉంటాయి, కాబట్టి మాస్టర్ ఫేడర్ 3 డీబీ దించినా అక్కడున్న మీటర్‌కి ఆ సంగతి తెలియదు. ప్రో టూల్స్ మాస్టర్ ఫేడర్ ట్రాక్‌లో ప్లగిన్లు ఫేడర్ తర్వాత వస్తాయి. ఎఫ్ఎల్ స్టూడియోలో లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కిపట్టే ప్లగిన్)తో వచ్చే టెంప్లేట్ వాడితే, అది మాస్టర్ మీద కూర్చుని పని చేస్తూనే ఉంటుంది. ఆ ప్రోగ్రామర్ తమ్ముడి మైనస్ 9లో సగం దాని పుణ్యమే. స్టెమ్స్ (గొంతు, వాయిద్యాల విడివిడి ఫైళ్లు) పంపేటప్పుడు దాన్ని తీసేయమని చెప్పాను.

వీటన్నిటితో తల బద్దలు కొట్టుకోకుండా నేను చేసేది ఒకటే: ప్లే అవుతున్న మిక్స్‌ని కాకుండా, ఎక్స్‌పోర్ట్ అయిన స్టీరియో వేవ్ ఫైల్‌నే కొలుస్తాను, అందరం ఒకే మీటర్ వాడతాం. యూలీన్ మీటర్‌కి ఉచిత వెర్షన్ ఉంది, అందరి దగ్గరా నడుస్తుంది. కమాండ్ లైన్ అలవాటున్న వాళ్లకి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే టూల్‌లో ఈబీయూఆర్128 అనే ఫిల్టర్ ఉంది. ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య ఎగసే దాన్ని కూడా కలిపిన గరిష్ఠ స్థాయి) కూడా అక్కడే చూసుకోవచ్చు.

"యూట్యూబ్‌కి మైనస్ 14 కదా, సరిగ్గా అక్కడికే తేవాలి కదా" అని అడుగుతుంటారు. అక్కర్లేదు. దాదాపు మైనస్ 14 కంటే గట్టిగా ఉన్న పాటని ప్లే చేసేటప్పుడు యూట్యూబ్ తగ్గిస్తుంది, తక్కువున్న దాన్ని పెంచదు. డప్పులతో హోరెత్తే పాట మైనస్ 9 దగ్గర బాగుంటే అక్కడే ఉండనీయండి, వీణతో సాగే అష్టకాన్ని అక్కడిదాకా లాగితే మాత్రం తీగ మీటిన చప్పుడు మొద్దుబారిపోతుంది.

ఈసారి స్టెమ్స్ పంపే వాళ్లందరినీ ఫోల్డర్‌లో మొదటి ఫైల్‌గా ఆ మైనస్ 23 టోన్ పెట్టమన్నాను, వాళ్ల ప్రాజెక్ట్‌లోంచే స్టీరియోగా ఎక్స్‌పోర్ట్ చేసి, గొంతు ఉన్న మోనో ట్రాక్ గుండానే పంపి. నా దగ్గర మైనస్ 26 చూపిస్తే వాళ్ల పాన్ లా 3 డీబీ తగ్గిస్తోందని, గొంతుకి ఎంత కలపాలో పాట తెరవకముందే తెలిసిపోతుంది.